ల్యాప్‌టాప్ మొరాయిస్తే... ఏ స్టేషన్లో ఆగిందో చూడండి!

మీట నొక్కితే లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది... తెర మాత్రం నల్లగానే ఉంటుంది. లేదంటే కంపెనీ బొమ్మ వచ్చి, దాని కింద తెల్లచుక్కలు గానుగెద్దులా తిరుగుతూనే ఉంటాయి. ల్యాప్‌టాప్ ఇలా మొండికేసినప్పుడు చాలామందికి తట్టే మొదటి ఉపాయం... ఫార్మాట్ కొట్టించేయడం. నిజానికి అన్నిటికన్నా చివర చేయాల్సిన పని అది!

ఆదివారం ఉదయం ఎనిమిది గంటలు. హైదరాబాద్‌లో ఓ లేడీస్ హాస్టల్. ఎమ్మే తెలుగు చివరి సంవత్సరం చదువుతున్న అమ్మాయి మంచమ్మీద ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. కళ్లనిండా నీళ్లు. తెల్లారితే సోమవారం. ప్రాజెక్టు ఇచ్చేయాలి. అర్ధరాత్రిదాకా బుద్ధిగా పనిచేసిన యంత్రం పొద్దున్నే లేవనంటోంది.

'మా అన్నయ్యకీ ఇలాగే అయిందే. షాపులో ఇస్తే ఫార్మాట్ కొట్టేశారు. గంటలో కొత్తదానిలా అయిపోయింది' అంది పక్క మంచం స్నేహితురాలు. ఆ మాట ఒక్క క్షణం ఆశపెట్టింది. కానీ ఎందుకో చెయ్యి ఆగింది. తెనాలిలో కంప్యూటర్లు రిపేరు చేసే బాబాయికి ఫోన్ చేసింది.

'బాబాయ్... నా ల్యాప్‌టాప్ చచ్చిపోయింది!'

'చావలేదులే అమ్మా. ముందు ఆ ఏడుపాపి, తెరమీద ఏం కనబడుతోందో చెప్పు.'

ఇలాంటి ఫోన్లు ప్రతి ఊళ్లోనూ ఏదో ఒక బాబాయికో, బావకో, అన్నయ్యకో వస్తూనే ఉంటాయి. కాబట్టి ఇది ఏ ఇంటి కథైనా కావచ్చు. ఆ బాబాయి అడిగిన ప్రశ్నలు, అడిగిన వరుస మాత్రం ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాల్సినవే.

నాలుగు స్టేషన్ల ప్రయాణం

'తెనాలిలో ఎక్కిన రైలు సికింద్రాబాద్ చేరలేదనుకో... ఇంజను పాడైందని తేల్చేస్తామా? ఏ స్టేషన్లో ఆగిందో కనుక్కుంటాం. ఇదీ అంతే!' అన్నాడు బాబాయి.

కంప్యూటర్ మొదలవడాన్ని 'బూటింగ్' అంటారు. బూట్ల వెనక ఉండే పట్టీ పట్టుకుని తనను తానే పైకి లేపుకోవడం అనే ఇంగ్లిషు నానుడి నుంచి వచ్చిన మాట అది. మీట నొక్కేసరికి కంప్యూటర్‌కి ఏమీ తెలియదు. ఒక చిన్న ప్రోగ్రాము లేచి ఇంకో పెద్దదాన్ని లేపుతుంది. అది మరో పెద్దదాన్ని. ఇలా నాలుగు మజిలీలు దాటాక గానీ మనకు విండోస్ తెర కనపడదు.

ఒకటి... కరెంటు అందడం. రెండు... లోపలి భాగాలన్నీ సక్రమంగా ఉన్నాయో లేదో యంత్రం తనను తాను పరీక్షించుకోవడం. మూడు... విండోస్ ఉన్న డిస్క్‌ను వెతికి పట్టుకోవడం. నాలుగు... విండోస్ తెరుచుకోవడం. రైలు ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం రోగం కుదిరినట్టే. ఎందుకంటే మొదటి స్టేషన్లో ఆగిన బండికి నాలుగో స్టేషన్ మందు పనిచేయదు. ఛార్జరు వైరు తెగితే ఫార్మాట్ ఏం చేస్తుంది?

మొదటి స్టేషన్: కరెంటు

గుర్తు: మీట నొక్కినా లైటు లేదు, ఫ్యాను చప్పుడు లేదు. ఉలుకూ పలుకూ లేదు.

ముందు అనుమానించాల్సింది ల్యాప్‌టాప్‌ను కాదు, గోడకున్న ప్లగ్గును. అదే ప్లగ్గులో ఫోన్ ఛార్జరు పెట్టి చూడండి. తర్వాత ల్యాప్‌టాప్ అడాప్టరు. దానికి చిన్న లైటుంటే వెలుగుతోందా? వైరు మొదట్లో, చివర్లో మడతపడి నలిగిందా? పిన్ను వదులైందా? ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసేసి నేరుగా గోడకు పెట్టి చూడటం మర్చిపోవద్దు.

టైప్-సి పిన్నుతో ఛార్జయ్యే కొత్త ల్యాప్‌టాప్‌లు వచ్చాక ఇంకో చిక్కు మొదలైంది. పిన్ను దూరింది కదా అని ఫోన్ ఛార్జరు పెట్టేస్తున్నారు. మామూలు ఫోన్ ఛార్జరు ఇచ్చేది 18, 20 వాట్లు. చాలా ల్యాప్‌టాప్‌లకు కావాల్సింది 45 లేదా 65 వాట్లు. ఏనుగు దాహానికి ఉగ్గుగిన్నె నీళ్లన్నమాట! పూర్తిగా అడుగంటిన బ్యాటరీ అయితే అసలు ఛార్జరు పెట్టి అరగంట వదిలేసి, ఆ తర్వాతే మీట నొక్కాలి.

అప్పటికీ లేవలేదా? పైసా ఖర్చులేని చిట్కా ఒకటుంది. ఛార్జరు పీకేయండి. మౌస్, పెన్‌డ్రైవ్, ప్రింటరు వైరు... తగిలించినవన్నీ తీసేయండి. పాత మోడలై బ్యాటరీ ఊడివచ్చేదైతే అదీ తీయండి. ఇప్పుడు పవర్ మీటను అరనిమిషం పాటు వదలకుండా నొక్కి పట్టుకోండి. వదిలేసి, ఛార్జరు ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. లోపలి సర్క్యూట్లలో మిగిలిపోయిన కాస్త కరెంటు ఖాళీ అయి, పవర్‌ను చూసుకునే చిప్పు మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. చూడటానికి మంత్రంలా ఉంటుందిగానీ చాలా ల్యాప్‌టాప్‌లు ఈ ఒక్క పనితోనే లేచి కూర్చుంటాయి. కొన్ని మోడళ్లకు దీనికోసమే అడుగున గుండుసూది పట్టేంత రంధ్రం కూడా ఉంటుంది.

ఈ స్టేషన్లో రెండు ఎర్రజెండాలున్నాయి. ల్యాప్‌టాప్ అడుగుభాగం ఉబ్బినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపించినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని నొక్కడం, పొడవడం, ఛార్జింగ్ పెట్టడం... ఏదీ చేయొద్దు. అంటుకునే ప్రమాదం ఉంది. రెండోది, నీళ్లో టీయో ఒలికిన ల్యాప్‌టాప్. 'పనిచేస్తుందో లేదో చూద్దాం' అని ఆన్ చేశారా... తడి మీద కరెంటు పారి, బతికేదీ బతక్కుండా పోతుంది. ఛార్జరు తీసి, పవర్ ఆపి, బోర్లించి, నేరుగా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లడమే మేలు.

'లైటు వెలుగుతోంది బాబాయ్. ఫ్యాను కూడా తిరుగుతోంది' అంది అమ్మాయి.

'అయితే మొదటి స్టేషన్ దాటినట్టే. పద.'

రెండో స్టేషన్: తనిఖీ

గుర్తు: లైటు ఉంది, ఫ్యాను ఉంది. తెర మీద కంపెనీ బొమ్మ కూడా రాదు. లేదా బీప్ బీప్‌మని కూతలు.

కరెంటు అందగానే యంత్రం చేసే మొదటి పని ప్రాసెసర్, మెమరీ, కీబోర్డు... అన్నీ ఉన్నాయా, పనిచేస్తున్నాయా అని సరిచూసుకోవడం. దీన్ని 'పోస్ట్' అంటారు. ఇక్కడ తేడా వస్తే తెర మీద రాయడానికి ఇంకా తెరే లేవలేదు కదా! అందుకే కూతలతోనో, లైటు మిణుకులతోనో చెబుతుంది. డెల్ ల్యాప్‌టాప్‌లలో ఒక చిన్న లైటు నారింజ, తెలుపు రంగుల్లో ఇన్నిసార్లు అని లెక్కగా మిణుకుతుంది. హెచ్‌పీ మోడళ్లు చాలావాటిలో క్యాప్స్‌లాక్ లైటు ఆ పని చేస్తుంది. అవి ఊరికే మిణకడం లేదు, జబ్బు పేరు చెబుతున్నాయి. ఏ రంగు, ఎన్నిసార్లు అని కాగితం మీద రాసుకుంటే, ఆ లెక్కకు అర్థమేమిటో కంపెనీ వాళ్ల సర్వీసు పుస్తకంలో దొరుకుతుంది. మెకానిక్‌కి ఆ కాగితం ఇచ్చినా సగం పని తగ్గించినవాళ్లవుతారు.

ఇక్కడ తరచూ దొరికే దొంగ... ర్యామ్. ఎక్కడైనా కిందపడినా, బస్సులో కుదుపులకైనా అది గాడిలో వదులవుతుంది. తీసి మళ్లీ సరిగ్గా కూర్చోబెడితే సరిపోతుంది. వారంటీ ఉంటే మాత్రం ఆ పని సర్వీసు సెంటరుకే వదిలేయండి. పైగా కొన్ని పల్చటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తీయడం కుదరదు.

ఒక్కోసారి యంత్రం చక్కగా లేస్తుంది, తెర ఒక్కటే లేవదు! ఎలా తెలుస్తుంది? గదిలో లైట్లార్పి, ఫోన్ టార్చిని తెరమీదికి ఏటవాలుగా వేయండి. మసగ్గా అక్షరాలో బొమ్మలో కనబడితే తెర వెనకాల వెలుగిచ్చే భాగం పోయిందన్నమాట. ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ వైరుతో కలిపి చూడొచ్చు. టీవీలో బొమ్మ వస్తే లోపల అంతా క్షేమమే, మీ ఫైళ్లకు ఏ ఢోకా లేదు. విండోస్ దాకా వెళ్లి తెర నల్లబడితే... విండోస్, కంట్రోల్, షిఫ్ట్ కీలు మూడూ పట్టుకుని 'బి' నొక్కండి. తెరను నడిపే డ్రైవరు మళ్లీ మొదలవుతుంది.

'కంపెనీ బొమ్మ వస్తోంది బాబాయ్.'

'ఇంకేం... తనిఖీ కూడా అయిపోయింది.'

మూడో స్టేషన్: డిస్క్

గుర్తు: నల్లతెర మీద తెల్ల అక్షరాలు. 'నో బూటబుల్ డివైజ్', 'బూట్ డివైజ్ నాట్ ఫౌండ్', 'ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్'.

అంటే యంత్రానికి విండోస్ ఎక్కడుందో దొరకలేదని. మొదట చూడాల్సింది పక్కన మర్చిపోయిన పెన్‌డ్రైవ్ ఏమైనా ఉందా అని. నవ్వొచ్చే సంగతే అయినా, ఒక్కోసారి కారణం అదే. ల్యాప్‌టాప్ విండోస్ కోసం దాన్నే వెతుకుతూ కూర్చుంటుంది.

అది కాకపోతే సెట్టింగుల గదిలోకి వెళ్లాలి. పాతకాలం వాళ్లు దాన్ని బయాస్ అంటారు. కొత్తవాటిలో ఉండేది యూఈఎఫ్ఐ. ఆన్ చేస్తూనే డెల్, ఏసర్, ఆసుస్‌లకు ఎఫ్2 మీట, హెచ్‌పీకి ఎఫ్10, లెనోవోలో చాలావాటికి ఎఫ్2 లేదా ఎఫ్1 టకటకా నొక్కాలి. అక్కడ దేన్నీ మార్చొద్దు. డిస్క్ పేరు జాబితాలో ఉందా లేదా... అదొక్కటే చూసి బయటికొచ్చేయండి.

పేరు ఉంటే, డిస్క్ బతికే ఉందన్నమాట. బూట్ వరుస తారుమారైందేమో చూడాలి. పాత ల్యాప్‌టాప్‌లలో లోపలుండే నాణెం బ్యాటరీ అయిపోతే తేదీతోపాటు ఈ సెట్టింగులూ చెదిరిపోతాయి. పేరు లేకపోతే డిస్క్ వదులైనా అయ్యుండాలి, పోయినా పోయుండాలి.

పాత తరహా హార్డ్‌డిస్క్ లోపల్నుంచి 'టక్... టక్...' మని శబ్దం వస్తోందా? మరో మాట లేదు, వెంటనే ఆపేయండి. లోపల పళ్లెంలాంటి డిస్క్ నిమిషానికి వేలసార్లు తిరుగుతుంటుంది. దాన్ని చదివే ముల్లు దెబ్బతిని తగులుతుంటే, మీరు ఆన్ చేసిన ప్రతిసారీ ఇంకొంచెం గీరుకుపోతుంది. 'ఇంకొక్కసారి చూద్దాం' అన్న ఆ ఒక్కసారే ఫైళ్లను మింగేస్తుంది. కొత్తవాటిలో ఉండే ఎస్ఎస్‌డీలకు ఈ చప్పుడుండదు. చెప్పాపెట్టకుండా పోతాయి. అదే వాటితో వచ్చిన చిక్కు.

'అలాంటి అక్షరాలేమీ లేవు బాబాయ్. కంపెనీ బొమ్మ వచ్చి, కింద చుక్కలు తిరుగుతున్నాయి. తర్వాత ఆటోమేటిక్ రిపేర్ అంటోంది. మళ్లీ మొదటికొస్తోంది. గంట నుంచీ ఇదే వరస.'

'అయితే రైలు చివరి స్టేషన్ దాకా వచ్చి ఔటర్‌లో ఆగింది. డిస్క్ ఉంది. విండోస్సే లేవలేకపోతోంది. రాత్రి ఏం చేశావమ్మా?'

'ఏదో అప్‌డేట్ అవుతోంది. ఛార్జింగ్ తక్కువుంది. నిద్రొచ్చి మూత పెట్టేశా...'

దొంగ దొరికాడు!

నాలుగో స్టేషన్: విండోస్

ఈ స్టేషన్లో ఆగడం పెద్ద పెద్ద సంస్థలకూ తప్పలేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు లేవలేక కూలబడ్డాయని మైక్రోసాఫ్ట్ లెక్కకట్టింది. మన హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అంతటి ఉత్పాతానికీ విరుగుడు ఏమిటో తెలుసా? సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలును తీసేయడం. ఫార్మాట్ కాదు!

విండోస్ రెండు మూడుసార్లు వరసగా లేవలేకపోతే దానంతటదే ఒక నీలిరంగు మరమ్మతు తెర చూపిస్తుంది. రాకపోతే, బొమ్మ కనిపించగానే పవర్ మీటను పది సెకన్లు పట్టుకుని ఆపేయాలి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే వస్తుంది. అందులో 'ట్రబుల్‌షూట్', దాని లోపల 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'. మందుల పెట్టె అదే.

ఆ పెట్టెలో మందులకు ఒక వరుస ఉంది. మొదటిది స్టార్టప్ రిపేర్. తనంతట తానే సరిచేసుకునే ప్రయత్నం చేస్తుంది. రెండోది అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. చివరగా వచ్చిన అప్‌డేట్‌ను వెనక్కి తీస్తుంది. మూడోది సిస్టమ్ రిస్టోర్. బాగున్న రోజు నాటి సెట్టింగులకు తీసుకెళ్తుంది, అయితే ఆ సౌకర్యం ముందే ఆన్ చేసి ఉండాలి. నాలుగోది స్టార్టప్ సెట్టింగ్స్‌లోంచి సేఫ్ మోడ్. అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే విండోస్ లేస్తుంది. అలా లేచిందంటే తప్పు కొత్తగా వేసిన ఏ ప్రోగ్రాముదో, డ్రైవరుదో అని తెలిసిపోతుంది. ఇవేవీ మీ ఫైళ్ల జోలికి రావు.

ఐదోది 'రీసెట్ దిస్ పీసీ'. ఇక్కడ ఒళ్లు దగ్గరపెట్టుకోవాలి. 'కీప్ మై ఫైల్స్' అంటే సొంత ఫైళ్లు ఉంటాయి, వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. 'రిమూవ్ ఎవ్రీథింగ్' అంటే సర్వమంగళం. ఫార్మాట్ దీని తర్వాతి మాట.

అమ్మాయి మొదటి మందు మీద వేలు పెట్టబోయింది.

'ఆగు. ఇంతకీ అందులో ఏమున్నాయి? ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా?' అడిగాడు బాబాయి.

'ప్రాజెక్టు రిపోర్టు పోయిన వారందాకా మెయిల్లో ఉంది. కానీ రికార్డింగులు లేవు బాబాయ్. ఫోన్ నిండిపోయిందని ఇందులోకి మార్చి అందులోంచి తీసేశా.'

'ఏం రికార్డింగులు?'

'నా ప్రాజెక్టే నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు కదా. కిందటేడాది సెలవులకొచ్చినప్పుడు నాయనమ్మ చేత పాడించాను. ముప్పై పైనే ఉన్నాయి.'

అవతల కాసేపు మాట లేదు. నాయనమ్మంటే ఆయనకు కన్నతల్లి. పోయిన సంక్రాంతికి ముందే ఆమె వెళ్లిపోయింది.

'ఫార్మాట్ మాటెత్తిన ఆ పిల్లని పక్కకి వెళ్లమను' అన్నాడాయన చివరికి. 'ముందు వాటిని బయటికి తీద్దాం. రిపేరు సంగతి తర్వాత.'

ముందు ఫైళ్లు... తర్వాతే వైద్యం

ఏ మెకానిక్ అయినా పాటించాల్సిన మొదటి సూత్రం ఇదే. డిస్క్ మీద అనుమానం ఉంటే మరమ్మతులు, చెక్‌డిస్క్ లాంటి ఆదేశాలు ఇవ్వకముందే ఫైళ్లు కాపీ చేసుకోవాలి. ఎందుకంటే మరమ్మతు అంటే డిస్క్ మీద కొత్తగా రాయడం. నీరసించిన డిస్క్ ఆ బరువు మోయలేకపోవచ్చు.

విండోస్ లేవకుండా ఫైళ్లెలా తీస్తారు? ఉపాయం ఆ నీలితెరలోనే ఉంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో 'కమాండ్ ప్రాంప్ట్' తెరిచి, ఇంగ్లిషులో నోట్‌ప్యాడ్ అని టైపు చేసి ఎంటర్ నొక్కితే మామూలు నోట్‌ప్యాడ్ వస్తుంది. అందులో ఫైల్, ఓపెన్ అని వెళ్లి, కింద 'ఆల్ ఫైల్స్' ఎంచుకుంటే డిస్క్‌లోని ఫోల్డర్లన్నీ కనబడతాయి. కావాల్సిన ఫోల్డరు మీద కుడిమీట నొక్కి కాపీ, పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్. ఎంత కాపీ అయిందో చూపించదు. కిటికీ బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. ఓపిగ్గా ఉండాలంతే. ఇంకో కంప్యూటర్ అందుబాటులో ఉంటే ఉబుంటు లాంటి లైనక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి ఫైళ్లు తీసుకోవచ్చు.

కమాండ్ ప్రాంప్ట్ తెరవబోయిన అమ్మాయికి కొత్త గండం ఎదురైంది. 'బాబాయ్, ఏదో రికవరీ కీ అడుగుతోంది. నలభై ఎనిమిది అంకెలట! నేనెప్పుడూ పెట్టలేదు.'

అది బిట్‌లాకర్ తాళం. ల్యాప్‌టాప్ దొంగలపాలైనా ఫైళ్లు ఎవరూ చదవకుండా డిస్క్ మొత్తాన్ని గూఢలిపిలోకి మార్చేస్తుంది. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయినప్పుడే అది తనంతట తాను మొదలవుతుంది. వాడేవాళ్లకు తెలియనే తెలియదు. ఆ 48 అంకెలు లేకపోతే షాపువాళ్లే కాదు, మైక్రోసాఫ్టూ ఏమీ చేయలేదు. డిస్క్ బాగానే ఉంటుంది, అందులోది మాత్రం దక్కదు.

అయితే అలా మొదలైనప్పుడే ఆ తాళంచెవి ఒకటి అదే అకౌంట్లో దాచి ఉంటుంది. ఫోన్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైజెస్ విభాగంలో చూస్తే బిట్‌లాకర్ రికవరీ కీలు కనిపిస్తాయి. ఒకటికన్నా ఎక్కువుంటే ల్యాప్‌టాప్ తెర మీదున్న కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలతో సరిపోల్చుకోవాలి. కాలేజీ, ఆఫీసు అకౌంట్‌తో వాడుతుంటే అక్కడి ఐటీ విభాగం దగ్గర ఉండొచ్చు.

అమ్మాయి వాడుతున్న మెయిల్‌తో చూస్తే ఏమీ లేదు. గుండె జారిపోయింది. 'కొన్న రోజున ఏ మెయిల్ ఇచ్చావో గుర్తు తెచ్చుకో' అన్నాడు బాబాయి. ఇంటర్ చదివేటప్పటి పాత మెయిల్! పాస్‌వర్డ్ మార్చుకోవడానికి పావుగంట పట్టింది. తాళంచెవి అక్కడే ఉంది. నలభై ఎనిమిది అంకెలూ స్నేహితురాలు ఒక్కొక్కటే చదువుతుంటే ఈ అమ్మాయి కొట్టింది.

పాటల ఫోల్డరు పెన్‌డ్రైవ్‌లోకి చేరేసరికి పదకొండు దాటింది.

'అయిపోయింది బాబాయ్!'

'కాలేదు. తెరిచి చూడని కాపీ కాపీ కాదు. ఒకటి పెట్టి విను.'

టైప్-సి పెన్‌డ్రైవ్ కావడంతో స్నేహితురాలి ఫోన్‌కే నేరుగా తగిలించి, ఒక ఫైలు మీద నొక్కింది. ముందు కోడి కూత. ఎవరో గిన్నె పెట్టిన చప్పుడు. తర్వాత నాయనమ్మ గొంతు. పాట అయ్యేదాకా హైదరాబాద్‌లోనూ తెనాలిలోనూ ఎవరూ మాట్లాడలేదు.

ఆ తర్వాత మరమ్మతు పది నిమిషాల పని. స్టార్టప్ రిపేర్ చేతులెత్తేసింది. రెండో మందు... అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌లో 'లేటెస్ట్ క్వాలిటీ అప్‌డేట్'. అది వెనక్కి పోయి, ల్యాప్‌టాప్ ఒకసారి ఆగి, మళ్లీ మొదలై... ఎప్పటిలాగే పాస్‌వర్డ్ అడిగింది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తబోయారన్నమాట!

షాపుకు వెళ్లాల్సి వస్తే...

అన్నీ ఇంట్లో కుదరవు. మదర్‌బోర్డు పోయినా, డిస్క్ టక్కుమన్నా షాపుకు వెళ్లాల్సిందే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి పెద్ద మార్కెట్‌కు వెళ్లినా, వీధి చివరి దుకాణానికి వెళ్లినా ఈ జాగ్రత్తలు తప్పనిసరి.

* వారంటీ ఉందో లేదో ముందు చూసుకోండి. ఉంటే బయట విప్పించొద్దు.

* 'ఆన్ కావట్లేదు' అని చెప్పి ఊరుకోవద్దు. ఏ స్టేషన్లో ఆగిందో, ఏ అక్షరాలు వచ్చాయో చెప్పండి. ఫోన్‌తో తెర ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది.

* 'నాకు చెప్పకుండా ఫార్మాట్ చేయొద్దు' అని రసీదు మీద రాయించండి. నోటిమాట సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు.

* ర్యామ్ ఎంత, డిస్క్ ఎంత, ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు ఎంత అన్నది రాసి ఉంచుకోండి. మార్చిన పాత భాగాలు తిరిగి అడగండి.

* డిస్క్ పోయి, అందులోవి విలువైనవైతే, డేటా రికవరీ ఒక్కటే వృత్తిగా చేసేవాళ్ల దగ్గరికే వెళ్లండి. ఖర్చెక్కువే. కానీ మొదటి ప్రయత్నం తప్పుగా జరిగితే రెండోదానికి అవకాశం మిగలకపోవచ్చు.

ల్యాప్‌టాప్ బాగున్న రోజునే

అసలు వైద్యం జబ్బు రాకముందు చేసేదే. ఈ ఆదివారం అరగంట కేటాయిస్తే చాలు.

ఒకటి, బిట్‌లాకర్ తాళంచెవి ఎక్కడుందో చూసి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ల్యాప్‌టాప్‌లోనే దాచుకుంటే తాళంచెవిని ఇంట్లో పెట్టి తలుపేసుకున్నట్టే!

రెండు, 'రికవరీ డ్రైవ్' అని వెతికితే విండోస్‌లోనే ఒక సాధనం వస్తుంది. ఖాళీ పెన్‌డ్రైవ్‌లో దాన్ని తయారుచేసి పక్కన పెట్టుకోండి. నీలితెర కూడా రాని రోజున అదే దిక్కు. అందులో ముందున్నవి చెరిగిపోతాయి కాబట్టి ఫొటోలున్న పెన్‌డ్రైవ్ వాడొద్దు.

మూడు, అప్‌డేట్ జరిగేటప్పుడు ఛార్జరు తీయొద్దు, మూత వేయొద్దు. ఇంకో సంగతి... విండోస్‌లో షట్‌డౌన్ కొడితే పూర్తిగా ఆగినట్టు కాదు. 2012లో విండోస్ 8తో వచ్చిన 'ఫాస్ట్ స్టార్టప్' వల్ల సగం నిద్రలో ఉంటుంది. చిన్నచిన్న తిక్కలు చేస్తుంటే షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ చేయాలి.

నాలుగు, అన్నిటికన్నా ముఖ్యమైనది... కాపీలు. దీనికో సులువైన లెక్కుంది. 3-2-1. ఏదైనా పోగొట్టుకోలేని ఫైలు మూడు కాపీలుండాలి. అవి రెండు వేర్వేరు రకాల పరికరాల మీద ఉండాలి. కనీసం ఒకటి వేరే చోట ఉండాలి. ల్యాప్‌టాప్, దాని పక్కనే బ్యాగులో పెన్‌డ్రైవ్ ఉంటే బ్యాగుతోపాటే రెండూ పోతాయి కదా!

సోమవారం పొద్దున పదింటికి అమ్మాయి ప్రాజెక్టు ఇచ్చేసింది. అంతకుముందే, ఆదివారం సాయంత్రమే ఒక పెన్‌డ్రైవ్ కొరియర్‌లో బయల్దేరింది. 3-2-1 లెక్కలో ఆ చివరి 'ఒకటి' కోసం. నాయనమ్మ పాటలు ముప్పై పైచిలుకు ఇప్పుడు తెనాలిలోనూ ఉన్నాయి. దుకాణం తెరవగానే బాబాయి రోజూ ఒకటి పెట్టుకుంటున్నాడట.